కొండ మీది వాన, గెడ్డలోని పూడిక

విశాఖపట్నంలో పడిన వాన నీరు చేరుకునే చోట్లు రెండే. ఒకటి సముద్రం, రెండోది హార్బరు. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండల వరుస, దక్షిణాన యారాడ కొండ, వాటి నడుమ పల్లంలో పెరిగిన ఊరు. తూర్పు వాలున పడిన నీరు హనుమంతవాక, పెదజాలారిపేట, లాసన్స్ బే వైపు గెడ్డలుగా దిగి నేరుగా సముద్రంలో కలుస్తుంది. లోపలి వాలు నీరు ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ, మేఘాద్రిగెడ్డల దారిన హార్బరు చేరుతుంది. ఒకప్పుడు ఈ లోపలి గెడ్డలు ఉప్పుటేరు చిత్తడిలోకి వచ్చి విచ్చుకుపోయేవి. ఎంత వాన కురిసినా నీరు పరుచుకోవడానికి చోటుండేది. 1927-33 మధ్య ఆ చిత్తడిని తవ్వి నౌకాశ్రయం కట్టారు. తర్వాత రైల్వే యార్డులు, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, ఆ పైన ఎరువుల, జింకు కర్మాగారాలు వచ్చి మిగిలిన పల్లపు నేలను ఒక్కొక్క ముక్కగా తీసుకున్నాయి. నీరు మాత్రం పాత దారినే దిగుతోంది. ఇప్పుడు నగరపాలక సంస్థ కాగితాల్లో మేజర్ డ్రెయిన్లుగా కనిపించేవి చాలావరకు ఆ గెడ్డలే. రెండు వైపులా కాంక్రీటు గోడలు లేచాయి, వెడల్పు తగ్గింది, అంతే.

వాన పడగానే నీరంతా కాలువలోకి రాదు. కొంత నేలలోకి ఇంకుతుంది, కొంత ఆకుల మీద, గుంటల్లో ఆగుతుంది. మిగిలినది పారుతుంది. ఆ పారే నీరు ఎంతన్నదే డ్రెయిన్ కట్టే ఇంజనీరుకు మొదటి లెక్క. దీనికి ప్రపంచమంతా వాడే సూత్రం చాలా పాతది. ఐర్లండ్ ఇంజనీరు థామస్ మల్వనీ 1850 నాటికే దాని మూలభావాన్ని చెప్పాడు. అమెరికాలో ఎమిల్ కైక్లింగ్ 1889లో నగర డ్రెయిన్లకు దాన్ని వర్తింపజేశాడు. వాన తీవ్రత, అది పడిన విస్తీర్ణం, నేల గుణాన్ని బట్టి పారే భాగం, ఈ మూడింటినీ గుణిస్తే వచ్చేదే ప్రవాహం. గంటకు 50 మిల్లీమీటర్ల వాన ఒక హెక్టారు పొలం మీద పడిందనుకుందాం. అందులో మూడు పదోవంతులు పారితే సెకనుకు దాదాపు 42 లీటర్ల నీరు బయటికి వస్తుంది. అదే హెక్టారులో ఇళ్లు, సిమెంటు రోడ్లు వేసి ఇంకే నేల లేకుండా చేస్తే పది వంతుల్లో తొమ్మిది వంతులు పారుతాయి. అప్పుడు సెకనుకు 125 లీటర్లు. వాన పెరగలేదు, నేల విస్తీర్ణమూ పెరగలేదు, కాలువ మీద భారం మాత్రం మూడింతలైంది. పాతికేళ్ల కిందట ఎన్నడూ మునగని వీధి ఇప్పుడు ఎందుకు మునుగుతోందని అడిగేవారికి సగం జవాబు ఈ గుణకారంలో దొరుకుతుంది.

మిగతా సగం కాలంలో ఉంది. కొండ కొస నుంచి బయలుదేరిన నీటి చుక్క కాలువ చివరికి చేరడానికి పట్టే సమయం విశాఖలో చాలా తక్కువ. వాలు నిటారుగా ఉంటుంది, దూరం కొద్ది కిలోమీటర్లే. కృష్ణ, గోదావరుల్లో వరద రెండు మూడు రోజుల ముందు కబురు పంపి వస్తుంది. ఇక్కడ గట్టి వాన మొదలైన గంటలోపే గెడ్డ నిండుతుంది. అందుకే ఈ ఊరికి రోజు మొత్తం మీద ఎంత వాన పడిందన్న అంకెకన్నా, అందులో అతి తీవ్రమైన పావుగంటలో, అరగంటలో ఎంత పడిందన్నది ముఖ్యం. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో పట్టణ వరదలపై ఇచ్చిన మార్గదర్శకాలు ప్రతి నాలుగు చదరపు కిలోమీటర్లకు ఒక స్వయంచాలక వర్షమాపకం ఉండాలని చెప్పింది ఇందుకే. ఒక కొండకు ఇటు పక్క కుండపోత పడుతుండగా అటు పక్క తుంపర కూడా లేకపోవడం విశాఖలో మామూలే. విమానాశ్రయం దగ్గరి ఒక్క మాపకం చూసి హనుమంతవాకలో ఏం జరుగుతోందో చెప్పలేం.

ఎంత పెద్ద వానకు డ్రెయిన్ కట్టాలన్నది ఇంజనీరింగు ప్రశ్న అన్నట్టు కనిపిస్తుంది గానీ, అది డబ్బు ప్రశ్న కూడా. రెండేళ్లకోసారి వచ్చే వానకు కడితే చవక, కానీ తరచూ పొంగుతుంది. యాభై ఏళ్లకోసారి వచ్చే వానకు కడితే ఊళ్లో సగం స్థలం డ్రెయిన్లకే పోతుంది. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో విడుదల చేసిన వాన నీటి పారుదల మాన్యువల్ కూడా పట్టణం స్థాయినీ, ప్రాంతం ప్రాముఖ్యాన్నీ బట్టి కొన్నేళ్లకోసారి వచ్చే వానను లెక్కలోకి తీసుకోమంటుంది. అంటే ఏ డ్రెయినైనా ఏదో ఒక రోజు పొంగి తీరుతుందని ముందే ఒప్పుకున్నట్టు. 2014 అక్టోబరు 12న నగరాన్ని తాకిన హుద్‌హుద్, 2021 సెప్టెంబరు 26న తీరం దాటిన గులాబ్ లాంటి తుపాన్ల నీటిని ఏ వీధి కాలువా మోయలేదు. అలాంటి రోజున పొంగిన నీరు ఇళ్ల మీదుగా పోతుందా, రోడ్ల మీదుగా పోయి మైదానంలో ఆగుతుందా అన్నది కాలువ నమూనాతో పాటే ఆలోచించాల్సిన విషయం. మన పట్టణాల్లో ఈ రెండో ఆలోచన చాలా అరుదు.

విశాఖలో మునిగే చోట్లు దాదాపు ప్రతి ఏడాదీ ఒకటే. జ్ఞానాపురం, చావులమదుం రైల్వే వంతెన కింది దారి, రైల్వే న్యూకాలనీ పల్లపు వీధులు. ఇది యాదృచ్ఛికం కాదు. కొండ వాలు మీద వేగంగా దిగిన నీరు చదును నేలకు రాగానే నెమ్మదిస్తుంది. నెమ్మదించిన నీరు తాను మోసుకొచ్చిన మట్టిని, ఇసుకను అక్కడే వదిలేస్తుంది. కాబట్టి ఎక్కడ వాలు తగ్గుతుందో అక్కడే కాలువ పూడుతుంది, అక్కడే నీరు పైకి లేస్తుంది. ఆ పైన రైల్వే కట్టలు అడ్డంగా ఉన్నాయి. బ్రిటిష్ కాలంలో కట్టల కింద నీరు పోవడానికి వేసిన మదుములు ఆనాటి ఊరికి సరిపడా వేసినవి. పైన ఊరు పదింతలైనా కింద మదుము వెడల్పు మారలేదు. దాన్ని వెడల్పు చేయాలంటే రైళ్లు నడుస్తుండగానే కట్ట కింద నుంచి పెట్టెల్లాంటి కాంక్రీటు గొట్టాలను జాకీలతో నెట్టాలి. అది రైల్వే చేయాల్సిన పని, డబ్బు మునిసిపాలిటీ కట్టాల్సిన పని. ఒక్క గెడ్డ మీదే నగరపాలక సంస్థ, రైల్వే, పోర్టు, జాతీయ రహదారుల సంస్థ నలుగురికీ తలో ముక్క ఉంటుంది. ముగ్గురు శుభ్రం చేసి నాలుగోవారు చేయకపోతే ఆ ముగ్గురి పనీ వృథా.

పూడిక ఎంత నష్టం చేస్తుందో కంటితో అంచనా వేయడం కష్టం. ఐర్లండుకే చెందిన రాబర్ట్ మానింగ్ 1889లో ప్రతిపాదించిన సూత్రంతో లెక్కవేస్తే తెలుస్తుంది. రెండు మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు ఉన్న కాలువలో అరమీటరు మట్టి పేరుకుందనుకుందాం. లోతులో మూడో వంతు పోయింది. మోసే నీరు మాత్రం మూడో వంతు కన్నా ఎక్కువే, సుమారు 40 శాతం తగ్గుతుంది. నీరు రాసుకునే అడుగు, గోడల కొలత అంతగా తగ్గకుండా పారే చోటు మాత్రం తగ్గడమే కారణం. ఆ మట్టి మీద తుంగ, గుర్రపుడెక్క మొలిస్తే గరుకుదనం పెరిగి మోసే శక్తి ఇంకా పడిపోతుంది. డ్రెయిన్ పైఅంచు దాకా సగం ఖాళీగా కనిపిస్తోంది కదా అని వేసవిలో చూసి తృప్తి పడితే వానాకాలంలో మోసపోవాల్సిందే.

కాలువ ఆకారం కూడా పూడికను నిర్ణయిస్తుంది. కాంట్రాక్టరుకు సులువని మన పట్టణాల్లో అడుగు చదునుగా ఉండే పెట్టె కాలువలే కడుతున్నారు. వాన లేని రోజుల్లో అందులో పారే కొద్దిపాటి నీరు అడుగంతా పల్చగా పరుచుకుని కదలక నిలిచిపోతుంది, మట్టి అంటుకుంటుంది. అడుగు మధ్యలో చిన్న గాడి పెట్టినా, రెండు వైపుల నుంచి మధ్యకు కొంచెం వాలు ఇచ్చినా ఆ కొద్ది నీరే చురుగ్గా పారి తన మట్టిని తానే తోసుకుపోతుంది. సెకనుకు సుమారు 60 సెంటీమీటర్ల వేగం ఉంటే కాలువ తనను తాను కడుక్కుంటుందన్నది ఇంజనీర్ల అనుభవ సూత్రం. వేగం మరీ ఎక్కువైనా ముప్పే. కొండవాలు కాలనీల్లో నిటారుగా దిగే కాలువలు అడుగును కోసేస్తాయి, ఆ కోతలో వచ్చిన మట్టే కింద పేటలో పూడిక అవుతుంది. అందుకే వాలు కాలువలకు మెట్లు కట్టి, మెట్టుమెట్టుకూ నీటి జోరు విరవాలి.

వీధిలోని నీరు కాలువలోకి దిగే చోటును చాలామంది పట్టించుకోరు. రోడ్డు అంచున ఇనుప జాలీ గానీ, గట్టు పక్కన అడ్డంగా వదిలిన బెజ్జం గానీ ఉంటుంది. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త పొర వేయడం మన దగ్గర ఆనవాయితీ. పొర మీద పొర పడి రోడ్డు మధ్య లేస్తుంది, అంచున ఉన్న బెజ్జం తారు కింద కప్పుకుపోతుంది. లేదా రోడ్డే ఇళ్ల గడపలకన్నా ఎత్తవుతుంది. పెద్ద డ్రెయిన్ ఖాళీగా ఉండి, పది అడుగుల దూరంలో రోడ్డు మోకాలి లోతు నీటితో నిలిచి ఉండే వింత దృశ్యానికి ఎక్కువసార్లు కారణం ఇదే. ఇళ్ల ముందు కాలువ మీద వేసుకునే ర్యాంపులు, దుకాణాల ముందు పరిచే బరువైన పలకలు మరో అడ్డు. పలక కింద ఏముందో పలక లేపితేగాని తెలియదు, లేపడానికి క్రేను కావాలి, క్రేను రావడానికి సందు చాలదు. కల్వర్టుల నడుమ నుంచి అడ్డంగా పోయే మంచినీటి గొట్టాలు, కేబుళ్లకు సంచులు, కొమ్మలు చుట్టుకుని రెండు వానల్లోనే ఆనకట్టలవుతాయి.

కాలువలోకి చేరే సరుకు పేటను బట్టి మారుతుంది. కొండవాలు కాలనీల నుంచి ఎర్ర మట్టి వస్తుంది. తూర్పు కనుమల్లో ఖోండలైటు రాయి శిథిలమై ఏర్పడిన ఈ మట్టి చెట్టు కొట్టేస్తే చాలు, వానకు కరిగిపోతుంది. అలాంటి ఎర్రని నేలను వాన నీరు ఎంత లోతుగా కోస్తుందో చూడాలంటే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల దాకా వెళితే చాలు. భవన నిర్మాణం జరిగే చోట రోడ్డు మీద పోసిన ఇసుక, గ్రావెల్ తొలి వానకే కాలువలో ఉంటాయి. గాజువాక ఆటోనగర్ షెడ్ల నుంచి వాడేసిన ఇంజిన్ నూనె, గ్రీజు దిగుతాయి. ఓడరేవు చుట్టూ బొగ్గు, ఇనుప ఖనిజం, ఎరువుల ధూళి రోడ్ల మీద పేరుకుంటుంది. మార్కెట్ల నుంచి కుళ్లిన కూరగాయలు, అన్ని పేటల నుంచీ ప్లాస్టిక్. ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అదే ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్లకన్నా పల్చని సంచులూ నిషిద్ధమే. జాలీల దగ్గర పారతో తీసే చెత్తను చూస్తే ఆ నిషేధం ఎంతవరకు అమలైందో ఎవరికైనా అర్థమవుతుంది.

రోజుల తరబడి రోడ్ల మీద పేరుకున్న ఈ మురికినంతా కడిగి తెచ్చేది తొలి వాన. ఎండలు తగ్గాక పడే మొదటి జల్లులోని మొదటి పావుగంట నీరే అన్నిటికన్నా మలినమైనది. తర్వాత వచ్చే నీరు దానితో పోలిస్తే తేట. ఓడరేవులో, ఉక్కు కర్మాగారంలో బొగ్గు, ఖనిజపు గుట్టలు వేసే యార్డులకు ఈ సూత్రమే ఆధారం. గుట్టల చుట్టూ దండలా కాలువ తవ్వి, ఆ నీటిని తేరుకునే గుంటల్లో ఆపి, అడుగున దిగిన పొడిని తిరిగి వాడుకుని, పై నీటిని ధూళి అణచడానికి చల్లుతారు. వీధి స్థాయిలో ఇంత ఏర్పాటు కుదరదు. అక్కడ పనికొచ్చేది చీపురే. వాన రాకముందు ఊడ్చిన రోడ్డు నుంచి కాలువలోకి పోయే మట్టి ఉండదు. ఒక బుట్టెడు మట్టిని రోడ్డు మీద ఎత్తడానికయ్యే కూలి, అదే బుట్టను మూసిన డ్రెయిన్ అడుగు నుంచి తీయడానికయ్యే ఖర్చులో చిన్న భాగం. బడ్జెట్లలో మాత్రం పూడికతీతకు పెద్ద పద్దు కనిపిస్తుంది, ఊడ్చే సిబ్బంది ఖాళీలు నిండవు.

పనుల విభజన ఇలా ఉంటుంది. ఇంటి ముందు చిన్న కాలువలు ప్రజారోగ్య విభాగం కార్మికులవి. గెడ్డలు, పెద్ద డ్రెయిన్లు ఇంజనీరింగు విభాగానివి, వాటికి టెండర్లు పిలుస్తారు. 2019 అక్టోబరులో వచ్చిన వార్డు సచివాలయాల్లో పారిశుద్ధ్యానికి ఒక కార్యదర్శి, వసతులకు మరొక కార్యదర్శి ఉన్నారు. వీధిలో నీరు నిలిస్తే ఫిర్యాదు మొదట చేరేది వారికే. వెడల్పయిన గెడ్డలోకి పొక్లెయిన్ దిగుతుంది, సందుల్లో చిన్న జేసీబీ, మూసిన గొట్టాల్లో అధిక ఒత్తిడితో నీరు కొట్టే జెట్టింగు వాహనం, దాని వెంట బురద పీల్చే వాహనం. చాలా చోట్ల ఇప్పటికీ మనిషే దిగుతున్నాడు. మూసి ఉన్న కాలువలో కుళ్లు నుంచి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే రెండు మూడు ఊపిరుల్లో మనిషి కూలిపోతాడు. రక్షణ లేకుండా మురుగు గొట్టాల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దించడాన్ని 2013 చట్టం నేరంగా ప్రకటించింది. అలా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. వాన నీటి డ్రెయిన్ మురుగు గొట్టం కాదు కదా అన్న సాకు విశాఖలో నిలవదు, ఎందుకంటే ఇక్కడ రెండూ చాలా చోట్ల ఒకటే.

పూడిక ఎప్పుడు తీయాలి? వానాకాలానికి ముందు పెద్ద డ్రెయిన్ల పూడికతీత మార్చి 31కల్లా ముగించాలని విపత్తు నిర్వహణ మార్గదర్శకాలు చెబుతాయి. నైరుతి మాత్రమే ఉన్న ఊళ్లకు ఇది చాలు. విశాఖకు జూన్ నుంచి నైరుతి, అక్టోబరు-నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ వాన పడే నెల అక్టోబరు. వేసవిలో తీసిన కాలువ నైరుతి వానల్లో మళ్లీ పూడి, సరిగ్గా తుపాన్ల వేళకు మట్టితో నిండి ఉంటుంది. కాబట్టి ఈ తీరంలో ఏడాదికి రెండు పూడికతీతలు అవసరం, రెండోది సెప్టెంబరులో. తీసిన బురదను గట్టు మీదే ఆరబెట్టడం ఇంకో పాత అలవాటు. తడి బురదను లారీకెత్తితే దారి పొడుగునా కారుతుంది, బరువూ ఎక్కువ, అందుకని రెండు మూడు రోజులు ఆరనిస్తారు. ఈలోగా ఒక వాన పడితే గట్టు మీది బురద తిరిగి కాలువలోకి, కాంట్రాక్టరు బిల్లు కార్యాలయంలోకి వెళతాయి. ఘనపు మీటర్లలో కొలిచి బిల్లు కట్టడం మాని, పని ముగిశాక కాలువ అడుగు మట్టాన్ని కొలిచి కడితే ఈ తంతు కొంత తగ్గుతుంది.

మురుగు సంగతి. భూగర్భ డ్రైనేజీ వేసిన పేటల్లో ఇంటి మురుగు వేరే గొట్టంలో అప్పుఘర్, ముడసర్లోవ, నరవ లాంటి చోట్ల ఉన్న శుద్ధి కేంద్రాలకు పోవాలి. ఆ గొట్టం అందని ఇళ్లు వంటింటి, స్నానాల గది నీటిని, కొన్నిచోట్ల సెప్టిక్ ట్యాంకు పొర్లు నీటిని కూడా వాన కాలువలోకే వదులుతాయి. అందుకే మండువేసవిలోనూ గెడ్డలు నల్లగా పారుతుంటాయి. నీరు నిలిచిన ప్రతి గుంటా దోమల పుట్టిల్లు. గంబూసియా చేపలు వదిలినా, మందు చల్లినా పారని నీటిలో ఫలితం కొద్ది రోజులే. అన్ని ఇళ్లకూ మురుగు గొట్టం వేసేదాకా ఆగకుండా చేయగల పని ఒకటుంది. గెడ్డ చివర, సముద్రానికి కొద్ది ముందు, పొట్టి అడ్డుగోడ కట్టి వేసవిలోని సన్నని మురుగు ధారను పక్కకు మళ్లించి పంపుతో శుద్ధి కేంద్రానికి ఎత్తిపోయడం. గట్టి వాన వచ్చినప్పుడు నీరు ఆ గోడ మీద నుంచి పొర్లి సముద్రంలోకి పోతుంది. ఇది తాత్కాలిక చిట్కాయే. పంపు ఆగినా, గోడ వెనుక మట్టి నిండినా బీచ్ ఇసుక మీద నల్లటి చార పడుతుంది.

గెడ్డ ముఖద్వారం దగ్గర సముద్రానికీ తన పట్టు ఉంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో విశాఖ తీరంలో పోటుకు, ఆటుకు మధ్య తేడా సుమారు మీటరున్నర. గట్టి వాన పోటు వేళకు పడితే చదునుగా ఉన్న కాలువల్లోంచి నీరు బయటికి పోదు, కొన్నిసార్లు సముద్రపు నీరే లోపలికి ఎగదన్నుతుంది. మరోవైపు అలలు తీరం వెంట ఇసుకను నిరంతరం ఉత్తరానికి నెడుతుంటాయి. ఓడరేవు గోడలు దాన్ని అడ్డగించడంతో రామకృష్ణా బీచ్ కోతకు గురవుతోంది, పోర్టు తవ్వి తీసిన ఇసుకను తిరిగి బీచ్‌లో పోస్తుంటారు. చిన్న గెడ్డల నోళ్లకు అదే ఇసుక అడ్డుగట్టుగా చేరుతుంది. వాన హెచ్చరిక రాగానే ఆ గట్టుకు గండి కొట్టాలి. జాలర్లకు ఈ పని తరతరాలుగా తెలుసు.

మేఘాద్రిగెడ్డది కొంచెం వేరే కథ. నగరానికి తాగునీరిచ్చే ఈ జలాశయం పూర్తి మట్టం 61 అడుగులు. తుపాను ముందు దాన్ని నింపి ఉంచితే తాగునీటికి ధీమా, ఖాళీగా ఉంచితే వరదకు జాగా. రెండూ ఒకేసారి సాధ్యం కాదు. మట్టం దాటబోతుంటే గేట్లెత్తుతారు. ఆ నీరు విమానాశ్రయం పక్కనుంచే హార్బరు వైపు పోతుంది. గులాబ్ తుపాను నాడు విమానాశ్రయంలోకి నీరు చేరింది. వాన సూచన వచ్చిన వెంటనే ముందుగా కొంత వదిలి, తర్వాతి వరదకు చోటు చేసుకోవడమే ఇందులోని నైపుణ్యం. తప్పుడు సూచనకు నీరు వదిలేస్తే వేసవిలో జవాబు చెప్పుకోవాలి.

నీటిని పైనే ఆపితే కింద కాలువకు ఊరట అన్న ఆలోచన తెలుగు నేలకు కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఊరికి ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1920లలో అవి పూర్తయ్యాయి. డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్ 2011 జులై 2న రెండు గంటల వానకు మునిగాక, పార్కులనూ ఆట స్థలాలనూ పల్లంగా తీర్చి వరద నీటిని కొన్ని గంటలు నిలిపే ఏర్పాటు మొదలుపెట్టింది. వీధి స్థాయిలో ఈ పనిని ఇళ్లే చేయవచ్చు. వంద చదరపు మీటర్ల డాబా మీద పది సెంటీమీటర్ల వాన పడితే 10,000 లీటర్లు, అంటే రెండు ట్యాంకర్ల నీరు. అది ఇంకుడు గుంతలోకి పోతే ఆ మేరకు కాలువకు భారం తప్పుతుంది. 2002 నాటి వాల్టా చట్టం ఇంకుడు గుంతలను తప్పనిసరి చేసింది. అనుమతి కోసం తవ్వి, ఆ తర్వాత టైల్సు పరిచిన గుంతలకూ కొదవ లేదు. కొండవాలు కాలనీల్లో మాత్రం ఈ సలహా తలకిందులవుతుంది. అక్కడ రక్షణ గోడ వెనుక నీటిని ఇంకిస్తే నేల బరువెక్కి జారుతుంది. 2024 సెప్టెంబరు వానలకు గోపాలపట్నం వైపు కొండవాలు ఇళ్లు ప్రమాదంలో పడ్డాయి. కొండ మీద నీటిని త్వరగా, భద్రంగా దించాలి, పల్లంలో ఆపాలి.

నగరానికి ఉత్తరాన, జాతీయ రహదారి మీద ఉన్న ఆనందపురంలో ఇదంతా ఇంకా మొదటి అధ్యాయంలో ఉంది. వేములవలస పూల మార్కెట్టు, గంభీరం జలాశయం, ఇప్పుడు గంభీరంలోనే ఐఐఎం ప్రాంగణం, పెందుర్తి మీదుగా అనకాపల్లి పోయే ఆరు వరుసల రహదారి ఇక్కడే మొదలవడం, ఇవన్నీ కలిసి ఊరి చుట్టూ పొలాలను లే-అవుట్లుగా మార్చాయి. ఇక్కడి నీటి పద్ధతి చెరువుల వరుస. పై చెరువు నిండితే అలుగు పొర్లి, కాలువలో పడి, కింది చెరువుకు చేరుతుంది. మిగిలింది గెడ్డలో పడి సముద్రం వైపు పోతుంది. ఎకరాల లెక్కన ఏ చెరువూ పోకపోయినా, రెండు చెరువుల మధ్య కాలువ మీద ఒక్క ప్లాటు పడితే వరుస తెగినట్టే. పై చెరువు కట్టకు గండి, కింది చెరువుకు ఎండ.

కొత్త రహదారి ఎత్తయిన కట్ట మీద పోతుంది. దాని కింద కల్వర్టులు ఎక్కడ, ఎంత వెడల్పున వేశారో అదే ఇకపై ఈ ప్రాంతపు నీటి పటం. కల్వర్టు వెడల్పును పొలాలున్న రోజుల ప్రవాహానికి లెక్కవేసి ఉంటే, పైన పొలాలు ఇళ్లయ్యాక అది మూడింతల నీటిని దాటించాలి. ఇరవై అయిదు ఎకరాల లే-అవుట్ ఒక్కటే, పై లెక్క ప్రకారం, సెకనుకు నాలుగొందల లీటర్ల చోట 1,250 లీటర్లు పంపుతుంది. లే-అవుట్ నిబంధనలు పదిశాతం ఖాళీ స్థలం వదలమంటాయి. సాధారణంగా అమ్ముడుపోని మూల ఏదో దాన్ని పార్కుగా చూపిస్తారు. ఆ పదిశాతాన్ని స్థలంలో అన్నిటికన్నా పల్లపు మూలకు మార్చి, మీటరు లోతు తవ్వి మైదానంగా ఉంచితే వాన గంటల్లో అదే చెరువు, మిగతా రోజుల్లో ఆటస్థలం. విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ ప్లాను ఆమోదించే రోజున ఒక గీత జరిపితే అయ్యే పని ఇది. ఇళ్లు లేచాక ఎన్ని కోట్లు పోసినా కాదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు పది మీటర్లకన్నా వెడల్పయిన వాగు, నాలా, వాన నీటి డ్రెయిన్ల హద్దు నుంచి తొమ్మిది మీటర్లు, అంతకన్నా సన్నని వాటి నుంచి రెండు మీటర్లు వదలాలని చెప్పాయి. హద్దు ఏదన్నదే చిక్కు. రెవెన్యూ రికార్డులో గెడ్డ పోరంబోకుగా రాసి ఉన్న కొలత ఒకటి, వేసవిలో నేల మీద కనిపించే సన్నని కాలువ మరొకటి. 2020 డిసెంబరులో రాష్ట్రమంతటా మొదలైన భూముల రీసర్వే డ్రోన్లతో ప్రతి కమతాన్నీ కొలుస్తోంది. గ్రామ నక్షాలోని గెడ్డను, చెరువు శిఖాన్ని, అలుగు కాలువను ఆ కొలతతో సరిపోల్చి హద్దు రాళ్లు పాతడానికి ఇంతకన్నా అనువైన సమయం మళ్లీ రాదు. పంచాయతీకి ఆ తర్వాత మిగిలేది ఏటేటా చేసే పనులు. వేసవిలో అలుగు కాలువల్లో తుప్పలు కొట్టించడం, రహదారి కల్వర్టుల నోళ్ల దగ్గర మట్టి తీయమని జాతీయ రహదారుల సంస్థకు లేఖ రాయడం, సెప్టెంబరులో రెండోసారి చూసి రావడం, పూల మార్కెట్టు వ్యర్థాలను కాలువలోకి తోయకుండా ఎరువు గుంతకు పంపడం. చెరువు తూముల తలుపులు వానకు ముందు ఒకసారి ఎత్తి దించి చూడాలి, తుప్పు పట్టి బిగుసుకున్న తలుపు వరద రాత్రి లేవదు.